ముల్లు చెప్పిన డెబ్బై

కాటన్ బెండ్, వయోమింగ్
సెప్టెంబరు 8

నాన్నా,

వద్దన్నావు, అయినా చేరాను. గాలిమరల పని నేర్పే కోర్సు. పోయిన సోమవారం మొదలైంది. క్లాసులో ఇరవై మందిమి, ఆడపిల్లని నేనొక్కదాన్నే. మొదటి వారమే అరవై అడుగుల స్తంభం ఎక్కించారు. ఇద్దరు మగాళ్ళు సగంలోంచి దిగిపోయారు. నేను పైదాకా ఎక్కాను. ఆ గాలిమరలు మన కొండల మీద మొలిచిన కలుపు మొక్కలని నువ్వంటావని నాకు తెలుసు. ఈ చుట్టుపక్కల ఇప్పుడు జీతం ఇచ్చేది ఆ కలుపే. నువ్వు ఇరవై ఏళ్ళు పనిచేసిన చమురు బావుల్లో ఒక్కటైనా తెరిచి ఉందేమో చెప్పు.

అసలు సంగతి నీ బండి. కాలేజీకి పోను తొంభై మైళ్ళు, రాను తొంభై. వారంలో నాలుగు రోజులు. నీ పికప్పు గ్యాలన్‌కి తొమ్మిది మైళ్ళిస్తోంది. నన్ను చూస్తే చాలు, బంకాయన మొహం వెలిగిపోతోంది. శని, ఆదివారాలు డాట్ నడిపే కాఫీ హోటల్లో ప్లేట్లు మోసి తెచ్చుకున్నదంతా ఆ ట్యాంకు నోట్లోకే పోతోంది. కాలేజీ దగ్గర గది తీసుకోమని అందరూ సలహా ఇస్తున్నారు. గదికి అద్దె ఎవరిస్తారో మాత్రం ఎవరూ చెప్పరు. చిన్న కారు కొనుక్కోమని అమ్మ నెవాడా నుంచి ఫోన్ చేసింది. కొనిపెట్టమన్నాను. లైను కట్టయింది.

నేను కోర్సు మానను, ఇల్లు వదలను, బండి అమ్మను. ఈ మూడూ కుదరాలంటే ఆ రాక్షసి తక్కువ తాగాలి. బండ్ల గురించి నీకు తెలిసినంత ఈ జిల్లాలో ఎవరికీ తెలియదని నువ్వే అంటావు కదా. ఏం చేయాలో రాయి. ఫోన్ వద్దులే. పదిహేను నిమిషాలు కాగానే మాట మధ్యలో తెంచేస్తారు, నీ వెనక వరసలో నిలబడ్డవాళ్ళు దగ్గుతూ ఉంటారు.

చూడ్డానికి రావద్దన్న నీ పట్టు ఇంకా అలాగే ఉందా?

నీ మొండితనంలో సగం వాటాదారు,
కొరిన్


హాలో క్రీక్ జైలు
సెప్టెంబరు 20

కొర్రీ,

చేరావు సరే, పడిపోకు. అంతకంటే ఆ కోర్సు గురించి నాకు చెప్పడానికేం లేదు. చూడ్డానికి మాత్రం రావద్దు. ఈ బట్టల్లో నన్ను నువ్వు చూడకూడదు.

బండి సంగతి విను. ఒకటి, వెనక తలుపు దించి నడుపు. ట్రక్కు తొట్టిలోకి దూరిన గాలి ఆ తలుపుని కొట్టుకుని బండిని వెనక్కి లాగుతుంది. దించావంటే నేరుగా పోతుంది. మా నాన్న అలాగే నడిపాడు, నేనూ అలాగే నడిపాను. రెండు, వేగం చూపే ముల్లుని అరవై దగ్గర ఆపు. మూడు, డాట్ హోటలు ముందు బండిని గుర్రుమనిపించి లోపల కూర్చోకు. మనూళ్ళో మగాళ్ళందరికీ ఉన్న రోగం అది. సెప్టెంబరులో కూడా ఇంజను ఆపరు. నాకూ ఉండేది. నాలుగు, టైర్లలో గాలి వారం వారం చూసుకో.

ఇవి చాలు. ఇంకేం చేయకు. నేను మాటవరసకి అనడం లేదు. ఆ బండికి ఒక్క బోల్టు కదపకు. ముప్ఫై ఏడు అంగుళాల టైర్లు, ఎత్తు లేపిన చట్రం, ముందరి ఇనుప కంచె, అన్నీ ఎక్కడివక్కడే ఉండాలి. వసంతంలో మా లాయరు మళ్ళీ విచారణ కోరుతూ అర్జీ వేస్తున్నాడు. కొత్తగా కొలతలు తీసే మనిషి వచ్చి బండిని చూస్తాడు. ఆ రోజు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే కనబడాలి.

నీకు తెలియంది కాదు, అయినా రాస్తే నాకు తేలిక. ఆ సాయంత్రం వెర్న్ ఆస్ట్రప్ తన పొలం దారిలోంచి చూసుకోకుండా రోడ్డెక్కాడు. మంచు కరిగి రోడ్డంతా బురద. నేను బ్రేకు తొక్కాను, బండి ఆగలేదు. ముసలాయన పోయాడు. దానికి నేను ఏడవలేదని ఎవరూ అనలేరు. కానీ అరవై ఐదు హద్దున్న చోట నేను ఎనభైలో వచ్చానని ఆ పోలీసు కొలతలవాడు అన్నాడు. గేటు దగ్గర నిలబడ్డ ఆయన భార్య ఇనా కూడా వంత పాడింది. "ఎనభై ఉంటుంది" అని ప్రమాణం చేసి మరీ చెప్పింది. నా ముల్లు డెబ్బై మీద ఉంది. ఈ రోడ్డు మీద డెబ్బైలో వెళ్ళనివాడెవడు? నాలుగున్నరేళ్ళు వేశారు, పడతాను. అబద్ధాలకోరు అన్నారే, అది మాత్రం పడను. ఊరు నా వైపే ఉందని బర్ల్ రాశాడు. లాయరు ఖర్చుకని డాట్ బల్ల మీద కాఫీ డబ్బా పెట్టించాడట. చూశావా? మనుషులంటే అలా ఉండాలి.

తలుపు దించి నడుపు.

మీ నాన్న


కాటన్ బెండ్
అక్టోబరు 14

నాన్నా,

తలుపు దించి నడిపితే తక్కువ తాగుతుందన్నది శుద్ధ అబద్ధం.

కోప్పడకు, ముందు పూర్తిగా చదువు. ట్యాంకు మెడదాకా నింపి, కాలేజీకి వెళ్ళొచ్చి, మళ్ళీ అదే బంకులో అదే పంపు దగ్గర మెడదాకా నింపాను. ఒక వారం తలుపు దించి, ఒక వారం మూసి. మా కోర్సులో లెక్కలు చెప్పే మాస్టారు వేసినట్టే గళ్ళ పుస్తకంలో గళ్ళు గీసి రాశాను. మూసినప్పుడే మైలేజీ ఎక్కువొచ్చింది. గాలి తొట్టిలోకి దూరి అక్కడే సుడి తిరుగుతూ కూర్చుంటుందట, పైనుంచి వచ్చే గాలి దాని మీదుగా జారిపోతుందట. తలుపు దించితే ఆ సుడి చెదిరిపోతుంది. తాతయ్య, నువ్వు, ఊరి మగాళ్ళందరూ కలిసి యాభై ఏళ్ళుగా తలుపు దించి పెట్రోలు పారబోశారన్నమాట. డాట్ హోటల్లో ఈ మాటంటే బర్ల్ అంకుల్ కాఫీ పొలమారి దగ్గాడు.

"మీ కాలేజీలో గాలి వేరేగా వీస్తుందేమో అమ్మాయ్."

"గాలి అదే అంకుల్. కొలిచేవాళ్ళే ఇప్పుడొచ్చారు."

బల్లంతా నవ్వారు. వాళ్ళ బండ్లు ఎనిమిదీ బయట గుర్రుమంటూనే ఉన్నాయి.

ఇంక నీకు చెప్పాల్సినవి. పోయిన చలికాలం మంచులో బండి జారకుండా బరువుకని నేను తొట్టిలో వేసిన తొమ్మిది ఇసుక బస్తాలు అలాగే పడున్నాయి. రెండింట్లో గడ్డి కూడా మొలిచింది. దించేశాను. పనిముట్ల పెట్టె, ఆ మూడు గొలుసులు దించేశాను. బండి నెత్తిమీద దీపాల కమ్మీ కూడా. ఒక్క బోల్టు కదపద్దన్నావు కదా, కదిపినవి నాలుగు. దాని మీద గాలి ఈల వేసేది, ఇప్పుడు లోపల కూర్చుంటే నా ఊపిరి నాకే వినబడుతోంది. తొమ్మిది మైళ్ళిచ్చేది కాస్తా పది దాటింది. టైర్ల జోలికి ఇంకా పోలేదు. పాత చిన్న టైర్లు కొట్టంలోనే ఉన్నాయి, వాటి మీద కన్నుంది.

కొరిన్


హాలో క్రీక్ జైలు
అక్టోబరు 29

కొరిన్,

నీకు విడమరిచి చెప్పాను, అయినా ఎక్కలేదు. బండి నాది. కాగితాలు నా పేరున ఉన్నాయి. దీపాల కమ్మీ ఎక్కడిదక్కడ బిగించు. ఇసుక పోతే పోనీ. టైర్ల మీద కన్నుంటే ఆ కన్ను మూసుకో. డాష్‌బోర్డు అరలో కాగితాలు కూడా కెలకద్దు.

తలుపు సంగతి. నువ్వు తలుపు మూసి కొలిచిన వారమంతా గాలి వెనకనుంచి వీచి ఉంటుంది. ఇంతకంటే దాని గురించి మాట్లాడను. ఒక పిల్ల గళ్ళ పుస్తకం పట్టుకుని మూడు తరాల డ్రైవర్లకి పాఠం చెబుతుంది, వాళ్ళు చెవులు నిక్కించి వినాలి కాబోలు.

చలికాలం వస్తోంది. ఇంజను నూనె పలచటిది పోయించు. ఉదయం బండి వేడెక్కాలని పావుగంట నిలబెట్టకు, అరనిమిషం చాలు, తర్వాత మెల్లగా నడుపు, అదే వేడెక్కుతుంది. ఇదైనా విను.

నాన్న


కాటన్ బెండ్
డిసెంబరు 11

నాన్నా,

ఈ ఉత్తరం మూడుసార్లు చింపి మళ్ళీ రాస్తున్నాను.

మా మాస్టారికి నా గళ్ళ పుస్తకం చూపించాను. ఆయన కళ్ళద్దాలు పైకి తోసి, "పెట్రోలు సరిగ్గా కొలిచావు. దూరం ఎలా కొలిచావు?" అన్నాడు.

"మీటరు చూసి."

"మీటరుని ఎవరు కొలిచారు?"

నాకు తల తీసేసినట్టయింది. మర్నాడు మన రోడ్డు మీద మైలురాళ్ళ పక్కన ఆగి, మీటరు అంకె రాసుకుని, సరిగ్గా ఇరవై రాళ్ళు నడిపి మళ్ళీ చూశాను. ఇరవై మైళ్ళు నడిస్తే మీటరు పదిహేడు చిల్లర చూపించింది. పెద్ద టైరు ఒక చుట్టు తిరిగితే బండి ఎక్కువ దూరం పోతుంది, మీటరేమో చిన్న టైరే అనుకుని లెక్క వేస్తోంది. నాకు భలే సంతోషమేసింది నాన్నా. నా మైలేజీ పది కాదు, దగ్గర దగ్గర పన్నెండు! బండిలో ఒక్కదాన్నే గట్టిగా నవ్వాను. ఇన్నాళ్ళూ దీన్ని తాగుబోతని తిట్టాను, పాపం తాగినదానికి నడిచింది ఎక్కువే కదా అనుకున్నాను.

ఇంకో రెండు మైళ్ళు వెళ్ళాక నవ్వు ఆగిపోయింది. దూరం తక్కువ చూపించే మీటరు వేగం కూడా తక్కువే చూపిస్తుంది. రోడ్డు పక్కన ఆపాను. పుస్తకంలో లెక్క వేశాను. ముల్లు అరవై దగ్గరుంటే బండి దాదాపు డెబ్బైలో ఉంటుంది. ముల్లు డెబ్బై దగ్గరుంటే ఎనభై ఒకటి.

పెన్సిలు జారి సీట్ల మధ్య పడిపోయింది. ఇంకోటి ఉందేమోనని డాష్‌బోర్డు అర తెరిచాను. కెలకద్దన్నావని గుర్తుంది. కాగితాల కింద చిన్న ప్లాస్టిక్ సంచి ఉంది. సీలు కూడా తీయలేదు. లోపల బొటనవేలంత పళ్ళ చక్రం. ముప్ఫై ఏడు అంగుళాల టైర్లకి మీటరు సరిచేసే చక్రమని సంచి మీదే అచ్చేసి ఉంది. బిల్లు మీద తేదీ, వెర్న్ పోవడానికి నాలుగు నెలల ముందుది.

విచారణ రెండో రోజు నేను కోర్టులోనే ఉన్నాను. "మీటరు సరిగ్గా ఉందా?" అని మన లాయరు అడిగాడు. "నా చేత్తో సరిచేశాను" అన్నావు.

నీకు తెలుసా?

నువ్వు జవాబు రాసేదాకా టైర్లు ముట్టను. ఉదయం అరనిమిషమే నిలబెడుతున్నాను. అది మాత్రం నువ్వు చెప్పినట్టే.

కొరిన్


హాలో క్రీక్ జైలు
జనవరి 4

కొరిన్,

నా ముల్లు డెబ్బై మీద ఉందన్నాను. ఉంది. నువ్వూ అదే తేల్చావు. నేను అబద్ధం చెప్పలేదని నా కూతురే కొలిచి రుజువు చేసింది, సంతోషం.

మిగతాది నిన్నెవరు కొలవమన్నారు? మైలేజీ పెంచడమెలాగని అడిగావు, చెప్పాను. నీకు కావలసింది పెట్రోలు మిగలడం, అంతేగా? ఏప్రిల్లో అర్జీ వస్తుంది. బురద రోడ్డు మీద టైరు గుర్తులు నమ్మడానికి లేదని కొత్త కొలతలవాడు చెబుతాడు. నేను ఇంటికొస్తాను. ఆ సంచిని పొయ్యిలో వెయ్యి. పాత చెత్త అది.

వెయ్యడం ఇష్టం లేకపోతే బండి తాళాలు బర్ల్‌కిచ్చెయ్యి. వాడికి కూడా రాశాను. అర్జీ అయ్యేదాకా బండి వాడి కొట్టంలో ఉంటుంది. నువ్వు చెప్పిన మాట వినే రకం కాదని ముందే తెలుసుకోకపోవడం నా తప్పు.

డెల్బర్ట్ క్రౌస్


కాటన్ బెండ్
జనవరి 26

నాన్నా,

పేరు మొత్తం రాసి సంతకం పెట్టావు, బ్యాంకుకి రాసినట్టు. సరే. నేనూ లెక్క ప్రకారమే రాస్తాను.

బర్ల్ అంకుల్ శనివారం వచ్చాడు. బండి ఇంజను ఆపకుండానే దిగి, గుమ్మంలో నిలబడి చెయ్యి చాచాడు.

"తాళాలు ఇవ్వమ్మాయ్. మీ నాన్న మాట."

"ఇవ్వను."

"బండి ఆయనదే కదా?"

"ఆయనదే. వచ్చి తీసుకోమనండి."

"ఎంత పొగరే నీకు! ఊరంతా ఆయన్ని బయటికి తెద్దామని చూస్తుంటే, కూతురివై ఉండి అడ్డం పడతావా?"

"అంకుల్, మీ బండి ఎంతసేపట్నుంచి నిలబడే తాగుతోందో చూసుకోండి" అన్నాను. తలుపు వేసేశాను.

ఇప్పుడు నీకు ఎవరూ రాయని సంగతి ఒకటి రాస్తాను. బర్ల్ రాయడు, నేనూ ఇన్నాళ్ళు రాయలేదు.

ఇనా ఆస్ట్రప్ మంగళవారం, శనివారం డాట్ హోటలుకి గుడ్లు తెస్తుంది. వెర్న్ పోయాక ఆ గుడ్లే ఆవిడ ఆధారం. ఆవిడ తలుపు తీసి లోపలికి రాగానే బల్ల దగ్గర ఎవడో ఒకడు, "ఎన్ని తెచ్చావు ఇనా? ఎనభయ్యా?" అంటాడు. అందరూ నవ్వుతారు. చలి ఎంతుందని ఎవరన్నా అడిగితే, "ఇనాని అడుగు, ఎనభై అంటుంది" అంటారు. ఆవిడ పక్కనుంచి పోతుంటే నోటితో బండి శబ్దం చేస్తారు. ఏడాదిన్నరగా ఇదే. అంకెలన్నింటిలోకీ ఎనభై అంటేనే మనూళ్ళో నవ్వు. ఆవిడ తలెత్తదు, ట్రే బల్ల మీద పెట్టి వెనక తలుపులోంచి పోతుంది. ఒకరోజు కాఫీ పోస్తూ నేను కూడా నవ్వాను. ఆవిడ నా వైపు చూసింది. ఆ చూపు నాతోనే ఉంది, ఎక్కడ దాచుకోను?

ఆవిడ మొగుడు చచ్చిపోవడం కళ్ళారా చూసింది. చూసిందే చెప్పింది. నిజం చెప్పినందుకు ఊరు ఆవిడని వెక్కిరిస్తోంది, నిన్ను నెత్తిన పెట్టుకుంది. ఈ సంచిని పొయ్యిలో వేస్తే ఆవిడ చచ్చేదాకా అబద్ధాలకోరే. ఆ మాట నీకెంత బాధో నువ్వే రాశావు.

వెయ్యను. ఏప్రిల్లో ఆ కొలతలవాడొస్తే నా గళ్ళ పుస్తకం, ఆ సంచి అతని చేతిలో పెడతాను. అడగకపోయినా పెడతాను. కూతుర్ని కాదనుకుంటావా, అనుకో. బండి మీద కేసు పెడతావా, పెట్టు. ఆదివారం టైర్లు మార్చేశాను. చలిలో ఒక్కదాన్నే నాలుగూ మార్చాను. పెద్దవి కొట్టంలో ఉన్నాయి, వాటి మీద సున్నంతో తేదీ రాశాను, అరిగినంత అరిగినట్టే ఉన్నాయి, ఎవరికి కావాలంటే వాళ్ళు కొలుచుకోవచ్చు. బండి ఇప్పుడు దగ్గర దగ్గర పద్నాలుగు ఇస్తోంది. మైలురాళ్ళకీ మీటరుకీ తేడా లేదు. అరవై అంటే అరవై.

కొరిన్


హాలో క్రీక్ జైలు
మార్చి 17

కొర్రీ,

నీ ఉత్తరం వచ్చాక మూడు వారాలు నీ మీద కోపంతో తిండి సహించలేదు. తర్వాత బర్ల్ మీద కోపమొచ్చింది, గుడ్ల సంగతి రాయనందుకు. తర్వాత తిట్టడానికి ఎవరూ మిగల్లేదు.

అడిగావు కదా, చెబుతాను. ఆ చక్రం బిగించడం అరగంట పని. బండి కింద పడుకుని ఒక బోల్టు తిప్పాలి. అక్టోబరులో అది వచ్చిన వారమే వేట మొదలైంది. జింకల సంగతి చూసుకుని వచ్చాక చేద్దాంలే అనుకున్నాను. వచ్చాక చలి. బురదలో పడుకోవడం ఎందుకు, వసంతం రానీ అనుకున్నాను. కొన్నాళ్ళకి బిగించేశాననే నా మనసులో ఉండిపోయింది. కోర్టులో లాయరు అడిగితే, "నా చేత్తో సరిచేశాను" అన్నాను. అన్నప్పుడు అది అబద్ధం కాదు. నోట్లోంచి మాట బయటపడి, కోర్టులో మాటలు రాసుకునే ఆడమనిషి దాన్ని టైపు కొట్టుకుంటుంటే, అప్పుడు సంచి గుర్తొచ్చింది. సీలు కూడా తీయలేదని గుర్తొచ్చింది. నోరు తెరిచి వెనక్కి తీసుకోవచ్చు. అంతమంది నా వైపు చూస్తున్నారు. తీసుకోలేదు. అక్కణ్ణుంచి అది అబద్ధమే.

ఆ తర్వాత రెండు రోజులకి ఇనా వచ్చి సాక్షి బోను ఎక్కింది. ఎనభై అంది. ఆవిడ సరిగ్గా చెప్పిందని ఆ గదిలో ఆవిడకన్నా ముందు నాకే తెలుసు. నేను తల అడ్డంగా ఊపాను, జనం చూడాలని.

నాకు శిక్ష వేసినందుకు కోపం లేదు, అబద్ధాలకోరు అన్నందుకే కోపమని నీకు రాశాను చూడు, ఆ ముక్క రాసేటప్పుడు కూడా నేను నమ్మే రాశాను. మనిషి ఎంతదూరం పోతాడో చూడు.

అర్జీ వెనక్కి తీసుకున్నాను. లాయరు నన్ను వెర్రివాణ్ణి చూసినట్టు చూశాడు. పక్క మంచంవాడు పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వనీ. ఇంకా మూడేళ్ళు ఉంటాను. నాకు జాలి మాటలేవీ రాయొద్దు, నాకు పడవు.

ఇంకో కాగితం ఇందులో పెడుతున్నాను. శనివారం ఉదయం ఏడింటికి డాట్ హోటల్లో అందరూ ఉన్నప్పుడు చదువు. గొంతెత్తి చదువు. ఒక్కొక్కరికీ చెవిలో చెబితే ఒప్పుకోను. వాళ్ళు గట్టిగా నవ్వారు, ఇది కూడా గట్టిగానే వినాలి. భయమేస్తే చెప్పు, తపాలాలో డాట్‌కే పంపుతాను. నీకు భయమెయ్యదని తెలుసు.

నాన్న


హాలో క్రీక్ జైలు
మార్చి 17

డాట్ హోటల్లో కూర్చున్న వాళ్ళందరికీ,

డెల్బర్ట్ క్రౌస్ రాస్తున్నాను, నా కూతురు చదువుతోంది. మధ్యలో ఎవరూ మాట్లాడొద్దు.

ఆ రోజు నా ముల్లు డెబ్బై మీద ఉంది. బండి ఎనభై ఒకటి మీద ఉంది. పెద్ద టైర్లు వేసింది నేను. మీటరు సరిచేసే చక్రం కొని అరలో పడేసింది నేను. సరిచేశానని ప్రమాణం మీద చెప్పింది నేను. ఇనా ఆస్ట్రప్ చెప్పింది నిజం. పోలీసు కొలతలవాడు చెప్పింది నిజం. వెర్న్ రోడ్డెక్కేముందు చూసే ఉంటాడు. నేను అంత వేగంగా వస్తున్నానని ఆయనకెలా తెలుస్తుంది?

నా కోసం డబ్బాలో వేసిన డబ్బు ఎవరిది వాళ్ళు తీసుకోండి. ఇకమీద ఎనభై అని ఎవడు నవ్వినా, నేను బయటికొచ్చాక నాతో మాట్లాడాల్సి ఉంటుంది.

ఇంకోటి. బండ్లు ఆపి లోపలికి రండిరా. మీరు తాగే కాఫీకన్నా బయట అవి తాగేది ఎక్కువ.

డెల్బర్ట్


కాటన్ బెండ్
మార్చి 29

నాన్నా,

చదివాను.

పద్నాలుగు మంది ఉన్నారు. కాఫీ కెటిలు పక్కన పెట్టి, ఏప్రన్ విప్పేసి, కుర్చీ ఎక్కి నిలబడ్డాను. ఎవరిదో పుట్టినరోజు పాటనుకుని ఇద్దరు చప్పట్లు కొట్టారు. మూడో వాక్యం దగ్గర బర్ల్ అంకుల్ లేచాడు.

"చాల్లే, దిగు. ఇవి నీ రాతలు. డెల్ ఇలా రాయడు."

"సంతకం చూసుకోండి" అని కాగితం ఆయన మొహం ముందు పెట్టాను. చూశాడు. మళ్ళీ కూర్చోలేదు, టోపీ తీసుకుని వెళ్ళిపోయాడు. నేను మొదటి నుంచి మళ్ళీ చదివాను, ఇంకాస్త గట్టిగా. వంటగదిలోంచి డాట్ బయటికొచ్చి నిలబడింది. చివరి ముక్కకి ఎవరూ నవ్వలేదు. కాసేపటికి కిటికీ పక్కనున్న ముసలాయన లేచి బయటికెళ్ళి బండి ఇంజను ఆపి వచ్చాడు. మిగతావాళ్ళు ఆపలేదు. డబ్బాలో చెయ్యి పెట్టిన వాళ్ళు ఇద్దరే. మిగతాదంతా ఏం చేయాలో డాట్‌కి తెలియడం లేదు. ఇద్దరు నాతో మాట్లాడటం మానేశారు, నాకేం నష్టం లేదు.

ఇనా ఆ రోజు గుడ్లు తేలేదు. అందుకని నేనే వెళ్ళాను. నీ బండిలోనే. వాళ్ళ గేటు దగ్గర ఆపి, ఇంజను ఆపేసి, మిగతా దారంతా నడిచాను. ఆ బండి ఆ గుమ్మం ముందుకి పోవడం నాకిష్టం లేకపోయింది. ఆవిడ తలుపు తీసింది గానీ లోపలికి రమ్మనలేదు.

"క్షమించమని అడగడానికొచ్చావా?"

"లేదు మిసెస్ ఆస్ట్రప్. ఇది ఇవ్వడానికొచ్చాను. ఒకరోజు మీరు వచ్చినప్పుడు నేనూ నవ్వాను, అదీ చెప్పడానికొచ్చాను."

"చూశాను నువ్వు నవ్వడం" అంది.

కాగితం నిలబడే చదివింది. రెండుసార్లు చదివింది. తర్వాత గుమ్మానికి ఆనుకుంది. ఆవిడ మాట్లాడిన మాటలు నీకు ఉన్నవున్నట్టు రాస్తున్నాను, ఎందుకంటే నువ్వు తెలుసుకోవాలి.

"అంతమంది నవ్వుతుంటే నాకే అనుమానం వచ్చిందే అమ్మాయ్. రాత్రిళ్ళు పడుకుని అదే ఆలోచించేదాన్ని. నేను ఆయన్నే చూస్తున్నాను కదా, బండిని సరిగ్గా చూశానా? ఊరికే ఒక అంకె అనేశానా? డెల్‌కి అన్యాయం చేశానా? పోయిన నెల జడ్జీకి ఉత్తరం కూడా రాశాను, నేను పొరబడి ఉండొచ్చని. అదిగో, బల్ల మీదే ఉంది. స్టాంపు అంటించలేదు."

నిన్ను తిట్టాలనిపించింది, నన్ను తిట్టుకోవాలనిపించింది. అక్కడ ఆ రెండింటికీ చోటు లేదు.

"మీరు పొరబడలేదు. నేను మైలురాళ్ళ మీద కొలిచాను, మూడుసార్లు. ఎనభై అన్నారు మీరు. ఎనభై ఒకటి" అన్నాను.

ఆవిడ ఆ అంకెని పైకి అనుకుంది. మళ్ళీ అనుకుంది. తర్వాత నా మొహం మీదే తలుపు వేసుకుంది. లోపల ఆవిడ ఏడవడం గేటు దాకా వినబడింది.

కొరిన్